బోణీ అయ్యేదాకా

పెద్దబాపు కర్మ నాటి భోజనాల్లో నేను గారెలు అడిగి మరీ వేయించుకున్నాను. ఆకలై కాదు. ఆయన ఇంట్లో ఉండి చదువుకున్న రోజుల్లో ఏదీ అడిగి వేయించుకున్న జ్ఞాపకం లేదు, ఆ ముచ్చట ఇప్పుడైనా తీరుతుందని. వడ్డించే పిల్లవాడు నా విస్తరి దగ్గర ఆగిన సమయానికే, ఎదురు వరసలో కూర్చున్న పాత బజారు పెద్దమనిషి చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని అందరికీ వినబడేట్టు అన్నాడు: “మనిషంటే ఆయననే. తమ్ముని బిడ్డను ఇంట్ల వెట్టుకొని యూనివర్సిటీ చదివిచ్చిండు. గీ కాలంల ఎవలు జేస్తరు, చెప్పుండ్రి?” వరస మొత్తం నా వైపు తిరిగింది. నేను కళ్ళు తుడుచుకుంటానని ఎదురుచూశారు. నా నోట్లో గారె ఉంది కాబట్టి ఊరుకున్నాను. లేకున్నా ఊరుకునేదాన్నే. అమ్మేవాడు సరుకును పొగుడుతున్నప్పుడు కొనేవాడు నోరు తెరవకూడదు, తెరిస్తే ధర పెరుగుతుంది. ఇది మా వాళ్ళు నాకు అక్షరాల కంటే ముందు నేర్పిన పాఠం. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని ఇది రాయడానికి కూర్చున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. ఆ నియమం పెట్టినవాడెవడో తాను పోయే ముందు పెట్టి ఉంటాడు.

మాది బోధన్‌లో చిన్న బట్టల దుకాణం. జాకెట్టు ముక్కలు, లంగా బట్టలు, చీర ఫాల్సు, పిల్లల యూనిఫారాల గుడ్డ. నేను పుట్టి పెరిగిందంతా తానుల మధ్యే. కొత్త గుడ్డ గంజి వాసన, అడుగు అరలో కలరా ఉండల వాసన, చెరుకు ఆడే రోజుల్లో వీటన్నిటి మీదుగా ఊరంతా కమ్ముకునే మడ్డి వాసన. ఆ మడ్డి వాసన బయటివాళ్ళకు కడుపులో తిప్పేది, మాకు మాత్రం అది గిరాకీ వాసన. చక్కెర ఫ్యాక్టరీ గొట్టంలో పొగ ఆగిపోయాక వాసనా పోయింది, దానితోపాటు గిరాకీ కూడా సన్నబడింది. మా అవ్వ, బాపు తల్లి, దుకాణం మెట్టు మీద కూర్చుని రెంజల్ అవతలి నుంచి వచ్చే ఆడవాళ్ళతో మరాఠీలోనూ, వర్ని కాలువ కింది రైతుల ఇళ్ళ ఆడవాళ్ళతో గుంటూరు యాసలోనూ బేరమాడేది. ఎవరి యాసలో వాళ్ళతో మాట్లాడితే సగం బేరం అయినట్టే అనేది. నేను ఆ మెట్టు పక్కనే పలక పెట్టుకుని దిద్దుకున్నాను. అందుకే ఇప్పటికీ నాకు ఎవరైనా ‘ఇది చివరి మాట’ అంటే నవ్వొస్తుంది.

డిగ్రీ అయ్యాక యూనివర్సిటీలో ఎం.కామ్ సీటు వచ్చింది. హాస్టల్లో ఖాళీ లేదు. బోధన్ నుంచి రోజూ రెండు బస్సులు మారి హైవే మీది క్యాంపస్‌కు పోయి రావడం కష్టమని బాపు తన అన్నను అడిగాడు. పెద్దబాపుకు నిజామాబాద్ బజార్లో మా దుకాణానికి పదింతల దుకాణం, దాని మీదే ఇల్లు. “అడుగుడేందిరా, అది నా బిడ్డ గాదా?” అన్నాడు పెద్దబాపు. బాపు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను మాత్రం ఆయన నా చేతుల వైపు చూడడం గమనించాను. మా దుకాణానికి వచ్చినప్పుడల్లా ఆయన చూసేది అదే. నేను పొద్దున బోణీ చేసిన రోజు బాపుకు గిరాకీ బాగుంటుందని ఎవరో ఆయన చెవిన వేశారు.

బోణీ అంటే ఏమిటో బజారు ఎరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పొద్దున మొదటి గిరాకీ వచ్చి, కొని, పైసలు చేతిలో పెట్టేదాకా దుకాణం నిద్ర లేచినట్టు కాదు. ఆ మొదటి అమ్మకం ఎవరి చేతి మీదుగా జరిగిందో రోజంతా వాళ్ళ చెయ్యే నడుస్తుందని నమ్మకం. పెద్దబాపుకు ఈ నమ్మకం దేవుడి మీది నమ్మకం కంటే ఎక్కువ. పొద్దున షట్టరెత్తగానే వాకిట్లో నీళ్ళు చల్లేవాడు, నిమ్మకాయ మిరపకాయలు మార్చేవాడు, మీటరు కడ్డీకి సాంబ్రాణి పొగ చూపించేవాడు, ఆ తరువాత నన్ను పిలిచేవాడు. “రా బిడ్డా, బోణీ జేసి పో.” పెద్దమ్మ పైన వంటింట్లోంచి జొన్నరొట్టె చుట్టి కిందికి పంపేది. కాలేజీ బ్యాగు గల్లా పెట్టె కింద పెట్టుకుని, రొట్టె నములుతూ, నేను ఆ రోజు మొదటి మనిషి కోసం వీధి చూసేదాన్ని. బోణీ తొందరగా అయితే మొదటి క్లాసు, ఆలస్యమైతే రెండోది, మరీ ఆలస్యమైతే సాయంత్రం ఎవరి దగ్గరో నోట్సు.

నా చెయ్యి మంచిదనే మాట బజారంతా పాకింది. నిజానికి మంచిది చెయ్యి కాదు, నోరు. మెట్టు ఎక్కిన ఆడమనిషి నడకను బట్టి ఆమె కొనడానికొచ్చిందా, ధర తెలుసుకుని పక్క దుకాణంలో కొనడానికొచ్చిందా చెప్పగలిగేదాన్ని. ఎవరిని ‘అక్కా’ అనాలో, ఎవరిని ‘అవ్వా’ అంటే కోపమొస్తుందో తెలుసు. మాట కలిపి, నవ్వించి, రంగు ముఖానికి నప్పిందని అద్దం చూపించి, ఆమె ‘సరే’ అనేలోపే గుడ్డ చింపేదాన్ని. అది పని. ఆ పనికి ఆయన పెట్టిన పేరు అదృష్టం. పనికైతే జీతం ఇవ్వాలి, అదృష్టానికి దండం పెడితే చాలు కదా.

చెయ్యి ఒక్కటే కాదు, ఒళ్ళు కూడా వాడుకున్నాడు మహానుభావుడు. దుకాణంలోకి కొత్తగా చుడీదార్లు దిగిన వారం ఒకటి తీసి నాకిచ్చేవాడు. “ఏసుకొని పో. పోరగాండ్లు అడిగితే దుకాణం పేరు జెప్పు.” లేబులు లోపలికి మడిచి పిన్ను పెట్టేది పెద్దమ్మ. సాయంత్రం వచ్చి విప్పి ఇస్తే, దులిపి, ఇస్త్రీ చేయించి, కవర్లో పెట్టి, కొత్తదిగా అరలోకెక్కించేవాళ్ళు. క్యాంపస్‌లో ఆడపిల్లలందరూ అప్పుడు పొట్టి కుర్తీల వెనక పడ్డారు, తరువాత కాళ్ళకు అతుక్కుపోయే లెగ్గింగులు, ఆ తరువాత అనార్కలీలు. ఏ ఫ్యాషనైనా ముందు దిగేది నా ఒంటి మీదే. నేను షావుకారు బిడ్డననుకున్నారు అందరూ. గడ్డి మీద కూర్చోనని పొగరుబోతు అన్నారు. క్యాంటీన్‌లో పచ్చిపులుసు పోసుకోనని నాజూకుదనం అన్నారు. చెమట పడుతుందని ఎండలో నడవకపోతే అందం కాపాడుకుంటోందన్నారు. ఒంటి మీద అమ్మకం సరుకు వేసుకున్నదాని నాజూకు అది. లేబులు పిన్ను వీపున గుచ్చుకుంటుంటే నిటారుగా కూర్చుని అకౌంట్సు చెప్పించుకున్నాను. లెక్చరరు నా ఏకాగ్రతను క్లాసు ముందు మెచ్చుకున్నాడు కూడా.

ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే, శిరీష. వర్ని దగ్గరి కాలువ ఊరి పిల్ల, వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్నవాళ్ళు. ఒక రోజు నా వీపున పిన్ను ఊడి లేబులు బయటపడితే చూసింది. నవ్వుతుందనుకున్నాను. “ఇదిగో, మంజులా, ధర కనిపిస్తోందే. లోపలికి తొయ్యనా, బేరమాడనా?” అంది. అప్పటినుంచి మేమిద్దరం ఒక జట్టు. చదువయ్యాక ఏం చెయ్యాలన్నది మా ఇద్దరికీ పెద్ద గుబులు. సీనియర్లలో సగం మంది బ్యాంకు కోచింగ్ అంటూ హైదరాబాద్ గదుల్లో, మిగతా సగం మంది బి.ఎడ్. అంటూ ఊళ్ళలో ఆగిపోయి కనిపించేవాళ్ళు. నాకు కోచింగ్‌కు పంపే స్థోమత బాపుకు లేదు. తిరిగి బోధన్ వెళ్తే జాకెట్టు ముక్కలు, ఇక్కడే ఉంటే బోణీ. అట్లాంటి సమయంలో క్యాంపస్‌కు ఒక పెద్ద కంపెనీ వాళ్ళు మా కామర్స్ పిల్లల్ని ఎంపిక చేసుకోవడానికి వస్తున్నారని నోటీసు పెట్టారు. పొద్దున రాతపరీక్ష, అందులో తేలినవాళ్ళకు అదే రోజు ఇంటర్వ్యూ. పది గంటలకు హాలు తలుపు మూస్తారు. నాకు లెక్కలు నీళ్ళ ప్రాయం, మాట తేనె ప్రాయం. అది నా ఉద్యోగమేనని శిరీష అంది, లెక్చరరు అన్నాడు, నేనూ అనుకున్నాను. బాపు తన దుకాణంలోని మంచి లేత నీలం గుడ్డ కోసి, దగ్గర కూర్చుని చుడీదారు కుట్టించి పంపాడు. పిన్ను లేని బట్ట.

పెద్దబాపుకు ముందే చెప్పాను. “రేపు బోణీ చెయ్య, పెద్దబాపూ. పొద్దున్నే పోవాలె.” ఆయన తలూపాడు. తలూపడం ఒప్పుకోవడం కాదని, దుకాణదారు తలూపితే బేరం ఇంకా నడుస్తున్నట్టని నాకు తెలియాల్సింది. పొద్దున నేను మెట్లు దిగేసరికి గడపకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

“జర బోణీ జేసి పో బిడ్డా. ఎంతసేపు?”

“ఇవి పెత్రమాస ముందటి రోజులు, పెద్దబాపూ. గీ పక్షంల కొత్త బట్ట ఎవలు కొంటరు?”

“గందుకే నీ చెయ్యి గావాలె. ఉత్త రోజులల్ల ఎవలైనా అమ్ముతరు.”

“ఇయ్యాల నా ఉద్యోగం ముచ్చట.”

“ఇయ్యాల నా దుకాణం ముచ్చట. బోణీ గాకుండ గడప దిగితే మల్ల ఎక్కకు. నీ పెట్టె తీస్కపొమ్మని మీ బాపుకు చెప్త.”

పెట్టె పోతే చదువు పోతుంది. కూర్చున్నాను. పెద్దల పక్షంలో పోయినవాళ్ళకు పిండాలు పెడతారు గాని బతికున్నవాళ్ళకు బట్టలు కొనరు. వీధిలో జనం నడుస్తున్నారు, మా మెట్టు వైపు ఎవరూ తిరగడం లేదు. దారిన పోయే ఆడవాళ్ళను పిలిచాను, “అక్కా, సూసి పో, ఊకెనే సూసి పో.” ఒకామె ఆగి, “అమాస పోనీ చెల్లె,” అని వెళ్ళిపోయింది. చివరికి నా పర్సు తీసి, ఒక జాకెట్టు ముక్క కోసి, పైసలు ఆయన ముందు పెట్టాను. ఆయన వాటిని ముట్టలేదు. “ఇంటోళ్ళ పైసలు బోణీ గాదు. గా మాత్రం ఎర్కలేదా నీకు?”

అప్పుడు శిరీష ఆటో దిగింది. నన్ను ఎక్కించుకుని పోదామని వచ్చింది. సంగతి చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చేతికందిన తువ్వాలు తీసింది. “ఇది నాకు కావాలండీ. ఎంతైతే అంత తీసుకోండి.” నేను లేచి నిలబడ్డాను, బ్యాగు భుజాన వేసుకున్నాను. పెద్దబాపు తువ్వాలు ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుని, మడత సరిచేసి, అరలో పెట్టాడు.

“నువ్వు దీని సోపతివి. ఉత్తుత్త బోణీ నడువది బిడ్డా. కొనాలెనని మనసుల అనుకొని ఎక్కాలె మెట్టు. దేవుడు జూడడా?”

“నిజంగానే కావాలండీ, ఒట్టు. మా నాన్నకి.”

“గట్లయితే రేపు రా.”

ఇది కోపంతో అన్నా బాగుండేది. ఎంతో నెమ్మదిగా, భక్తిగా అన్నాడు. శిరీష నా వైపు చూసింది. నేనే వెళ్ళమన్నాను. ఆటో మలుపు తిరిగేదాకా ఆ పిల్ల తల బయటే ఉంది.

ఎంతోసేపటికి ఒక ముసలవ్వ మెట్టెక్కింది. లంగా బట్ట కావాలంది. ఎడపల్లి నుంచి వచ్చిందట, ఆమెకు అమాస పట్టింపు లేదట, ‘పెద్దలందరి కంటె నేనే పెద్దదాన్ని’ అంది. రంగులు తీయించింది, గుడ్డ నలిపి చూసింది, బేరం మొదలుపెట్టింది. జీవితంలో మొదటిసారి నేను బేరమాడలేదు. ఆమె అడిగినదానికే ఇచ్చి గుడ్డ చింపాను. ముసలవ్వ నన్ను అనుమానంగా చూసి, “ఏంది బిడ్డా, పురుగు గిట్ల పట్టిందా దీనికి?” అని మళ్ళీ మొదటినుంచి విప్పించింది. వెనకనుంచి పెద్దబాపు, “గట్ల ఇడిచిపెడ్తరా? బోణీ బేరం గింత తక్కువకా?” అంటున్నాడు. పైసలు గల్లాలో పడ్డ చప్పుడుకు నేను రోడ్డు మీద ఉన్నాను. క్యాంపస్‌లో బస్సు దిగి, లేత నీలం చుడీదారు చెమటతో వీపుకు అంటుకుపోయి, ఎండలో పరుగెత్తాను. హాలు తలుపు మూసి ఉంది. అద్దంలోంచి శిరీష తల వంచుకుని రాస్తూ కనిపించింది. తలుపు దగ్గరి అటెండరు జాలిగా, “అయిపాయె మేడం. నడిమిట్ల తియ్యద్దన్నరు,” అన్నాడు. నేను అతనితో కూడా బేరమాడాను. ఒక్క నిమిషం, ఒక్కసారి అడిగి చూడు, మీ బిడ్డ లాంటిదాన్ని. ఎంత నోరున్నా మూసిన తలుపు మెట్టు దిగిన గిరాకీ లాంటిదే, వెనక్కి తిరగదు.

సాయంత్రం ఇంటికి వెళ్తే పెద్దమ్మ అంది, “కంపెనోళ్ళు మల్ల వస్తరు తియ్యి.” పెద్దబాపు గల్లా లెక్క చూసుకుంటూ తల కూడా ఎత్తలేదు. “నీ చెయ్యి దుకాణానికే రాసిపెట్టిండు దేవుడు. నారాజ్ గాకు.” నేను నారాజ్ కాలేదు. నారాజ్ అనేది సొంతవాళ్ళ మీద అయ్యేది. పెట్టె సర్దుకున్నాను.

మర్నాడు పొద్దున, ఆయన షట్టరెత్తే సమయానికి నేను వీధి అవతల ఉన్నాను. ఎదురుగా ఖలీల్ భాయ్ దుకాణం. పెద్దబాపుకు పొద్దున లేస్తే కళ్ళలో పడే శత్రువు. భాయ్ ఇంకా తానులు బయట పెడుతున్నాడు.

“బోణీ చేస్త భాయ్. మా బాపుకు లుంగీ గావాలె.”

ఖలీల్ భాయ్ నా వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. “బేటీ, ఎదురుంగ మీ పెద్దబాపు జూస్తుండు.”

“జూడాలెననే గదా భాయ్ వచ్చింది.”

ఆయన మీసాల కింద నవ్వి, కుర్చీ తెచ్చి వీధిలోనే వేసి, చాయ్ చెప్పాడు. లుంగీలన్నీ తీయించాను. బేరం కూడా ఆడాను, గట్టిగా, గంటసేపు, వీధంతా వినేట్టు. పగ తీర్చుకునేటప్పుడైనా చెప్పిన ధర ఇచ్చి పోవాలన్న బుద్ధి పుట్టలేదు నాకు. పైసలు ఖలీల్ భాయ్ చేతిలో పెడుతూ తల తిప్పి చూశాను. పెద్దబాపు సాంబ్రాణి గిన్నె పట్టుకుని గడపలో నిలబడిపోయాడు. పొగ ఆయన ముఖంలోకే పోతోంది. కాసేపటికి రెంజల్ వైపు నుంచి ముసల్మాన్ల పెళ్ళివారు జీపు దిగి ఖలీల్ భాయ్ దుకాణం నింపేశారు. వాళ్ళకు పెత్రమాస పట్టింపు ఉండదు, ఈ పక్షంలో వాళ్ళే గిరాకీ అని ఎవరికైనా తెలుస్తుంది. పెద్దబాపుకు తెలియలేదు. ఆయనకు నా చెయ్యి తప్ప ఏమీ కనబడలేదు. పెట్టె నెత్తిన పెట్టుకుని బస్టాండుకు పోతున్నప్పుడు నాకు కలిగిన సుఖం, దేవుడు క్షమించకపోయినా పర్వాలేదు, ఆ తరువాత నా పెళ్ళిలో కూడా కలగలేదు.

వారం తిరక్కుండా ఆయన బోధన్ వచ్చాడు. “పోరిని పంపు తమ్మీ, దుకాణం ఏడుస్తున్నది.” అన్నకు ఎన్నడూ ఎదురు చెప్పని మా బాపు, కత్తెర పక్కన పెట్టి, “బోణీకి పంపిన్నా అన్నా నేను? సదువుకు పంపిన,” అన్నాడు. ఆ ఒక్క మాట కోసం మా బాపు చేసిన అన్ని చేతకానితనాలూ మాఫీ చేశాను. మిగతా చదువు రెండు బస్సుల్లో నిలబడి పూర్తి చేశాను. శిరీషకు ఉద్యోగం వచ్చింది, హైదరాబాద్‌లో పెద్ద కుర్చీలో ఉంది ఇప్పుడు. మా చదువు పూర్తయ్యేదాకా మరో కంపెనీ రాలేదు. ట్యూషన్లు, ప్రైవేటు కాలేజీలు, ప్రతి వేసవికీ ఉంటుందో ఊడుతుందో తెలియని కాంట్రాక్టు కొలువు, జుట్టు నెరుస్తుండగా పర్మనెంటు. బతికాను, బాగానే. కానీ ఏ పెళ్ళిలోనో ఎదురైతే పెద్దబాపు నా అరచెయ్యి పట్టుకుని తిప్పి చూసేవాడు, “గీ చెయ్యి పోయినంక దుకాణం మునుపటి లెక్క లేదు” అనేవాడు. ఆ చెయ్యి ఎవరికి అతికి ఉందో, ఆమె ఏమైందో ఒక్కసారి కూడా అడగలేదు. ఇంట్లో పెట్టుకుని చదివించిన మహానుభావుడు ఆయన.

ఇప్పటి పిల్లలకు ఇదంతా చెబితే నమ్మరు. మా అమ్మాయి హర్షిత ఇంజనీరింగ్ చదువుతోంది. దాని బట్టలు ఫోన్‌లో వస్తాయి, నచ్చకపోతే ఫోన్‌లోనే పోతాయి. వాటికి బోణీ చేసేదెవరో, దిష్టి తీసేదెవరో. మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు ఎక్కువ ధరకు కొన్న రోజు నేను అన్నం తినలేదు. చింపడం నాకు వచ్చు కదా, నన్నడిగితే ఉచితంగా చింపేదాన్ని. చదువయ్యాక ఏమవుతుందన్న గుబులు మాత్రం దానికీ నాకున్నంతే ఉంది, ఆ ఒక్కటీ ఇంకా ఫోన్‌లో వాపసు తీసుకోవడం లేదు.

ఇంతవరకూ రాసి పక్కన పెట్టాక, కర్మ అయిన రెండు రోజులకు, పెద్దబాపు కొడుకు శ్రీనన్న మా ఇంటికి వచ్చాడు. దుకాణానికి అద్దాల తలుపులు పెట్టించి, ఏసీ పెట్టించిన మనిషి. కుర్చీ అంచున కూర్చున్నాడు.

“చెల్లె, శుక్రవారం దుకాణం మల్ల తెరుస్తున్నం. బాపు పోయినంక మొదటి బోణీ. నువ్వే రావాల్నని అమ్మ అంటున్నది. నువ్వు రానంటవని ఎర్కే. కనీసం హర్షితను పంపు. నీ చెయ్యే గదా దానిది.”

“శుక్రవారం దానికి ఇంటర్వ్యూ ఉన్నది అన్నా. ఇంట్లనే, కంప్యూటర్ల.”

“జర పొద్దుగాల వచ్చి, బోణీ జేసి పోతది. ఎంతసేపు?”

ఆ మాటను అచ్చం తండ్రి గొంతుతో పలికాడని ఆయనకు తెలియదు. నేను లేచి చాయ్ పెట్టి తెచ్చాను. తొందరపడి కాదనడం నాకు అలవాటు లేని బేరం.

“పంపుత అన్నా. ఇంటర్వ్యూ అయినంక పంపుత. గానీ అప్పటిదాక షట్టరు ఎత్తొద్దు. వేరేటోళ్ళ చెయ్యి పడితే మల్ల మా పిల్ల చెయ్యి పని జెయ్యది.”

“అంతే గద, చెల్లె,” అన్నాడు సంతోషంగా. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు కూడా.

శుక్రవారం పొద్దున హర్షిత పైన తెల్ల కాలరు చొక్కా, కింద బొమ్మల నిక్కరు వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. తలుపు దగ్గరికి వేసి, నేను బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఇంట్లో ఎవరూ కుక్కరు కూడా పెట్టకుండా కాపలాగా. అంతా కలిపి అరగంట పట్టింది. బయటికొచ్చి, “బాగానే చెప్పిన అమ్మా, రిజల్టు మెయిల్ పెడతరంట,” అని నా మెడ చుట్టూ చేతులు వేసింది. “మామ దుకాణానికి పోవాల్నా ఇప్పుడు?”

“తిని పండుకో,” అన్నాను.

ఫోన్ మోగింది. శ్రీనన్న. “అయ్యిందా చెల్లె?” ఇంకా కాలేదన్నాను. పన్నెండింటికి మళ్ళీ చేశాడు. ఇంకా కాలేదన్నాను. హర్షిత పక్క గదిలో ఫ్యాను కింద బోర్లా పడుకుని ఫోన్‌లో ఏదో చూసి నవ్వుతోంది. ఆ తరువాత పెద్దమ్మే చేసింది. ముసలితనంతో గొంతు వణుకుతోంది. “బిడ్డా, గిరాకొచ్చి బయట నిలవడ్డరు. పండుగ గిరాకి. ఎండకు నిలవడలేక ఎదురుంగ ఖలీల్ కొడుకు దుకాణంలకు పోతున్నరు. తెరుమంటవా?”

“తెరిస్తే ఎట్ల పెద్దమ్మా? బోణీ గాలేదు గదా,” అన్నాను. “కూసోండ్రి. పంపుత.”